పిడికిటిలోని వెలుగు

కొండపల్లి కోట మీద నిలిచి కృష్ణానది దిక్కుగా చూచువారికి రెండు దృశ్యములు ఒక్కసారిగా కనబడును. కొండ యడుగున బొమ్మలు చేయువారి ఇండ్లు. అచట తెల్లపొణికి కొయ్యను ఉలితో చెక్కి, చింతగింజల బంకతో కాలుసేతులు అతికి, రంగులు దిద్ది, దశావతారములను, అంబారీ ఏనుగులను, కల్లుగీయు వానిని, రోకలి పట్టిన ఇల్లాలిని నిలబెట్టుదురు. ఆ ఇండ్ల కావల, ఇబ్రహీంపట్నము పొలిమేరలో, ఆకాశమునంటు పొగగొట్టములు నిలిచియున్నవి. ఒకచోట చేతిపని, మరొకచోట మహాయంత్రము. రెంటికిని నడుమ దూరము కాలినడకన పోదగినంత మాత్రమే.

ఆ పొగగొట్టములు డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రమునకు చెందినవి. 1979లో మొదటి యంత్రము తిరుగుట మొదలిడిన ఈ కేంద్రము నాలుగు దశాబ్దములలో పెరిగి పెద్దదై, 210 మెగావాట్ల యంత్రములు ఆరింటిని, 500 మెగావాట్ల యంత్రము నొకదానిని, 2023లో 800 మెగావాట్ల యంత్రము నింకొకదానిని సమకూర్చుకొన్నది. బొగ్గు మండి, నీరు ఆవిరియై, ఆవిరి చక్రమును త్రిప్పి, ఆ చక్రము తీగచుట్టల నడుమ అయస్కాంతమును త్రిప్పగా పుట్టు విద్యుత్తు రాష్ట్రము నలుమూలలకును పోవుచున్నది. అయినను, దీపము క్రిందనే చీకటి యని పెద్దలు చెప్పిన మాట ఊరక పుట్టినది కాదు. ఇంత వెలుగు పుట్టు చోటికి సుమారు ఇరువది కిలోమీటర్ల దూరముననున్న విజయవాడ నగరములో, 2024 సెప్టెంబరు మొదటి వారమున, లక్షల జనము రాత్రి వెంట రాత్రి చీకటిలో గడపిరి.

ఆ చీకటికి కారణము బుడమేరు. అది చిన్న ఏరు. మైలవరము ప్రాంతపు కొండలలో పుట్టి, వానకాలమున మాత్రమే తన ఉనికిని చాటి, విజయవాడ ప్రక్కగా పోయి కొల్లేటిలో కలియును. దానికి బెజవాడ దుఃఖదాయని యను పేరు చాలకాలము నుండియు కలదు. నగరమును కాపాడుటకై వెలగలేరు వద్ద రెగ్యులేటరు కట్టి, అచటినుండి మళ్ళింపు కాలువ త్రవ్వి, వరదనీటిని ఇబ్రహీంపట్నము వద్ద కృష్ణలోనికి దింపు ఏర్పాటు చేసిరి. ఆ కాలువ మోయగలది సుమారు 15,000 క్యూసెక్కులు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన కుంభవృష్టికి అంతకు రెట్టింపునకు మించిన నీరు దిగివచ్చెను. కాలువ గట్టునకు మూడుచోట్ల గండ్లు పడెను. నీటిని దింపుకొనవలసిన కృష్ణయు అదే సమయమున పొంగియుండెను. సెప్టెంబరు 2వ తేదీన ప్రకాశం బ్యారేజి వద్ద ప్రవాహము 11.43 లక్షల క్యూసెక్కులకు చేరెను. 1957లో బ్యారేజి వాడుకలోనికి వచ్చిన తరువాత అంతటి ప్రవాహము అంతకుముందెన్నడును నమోదు కాలేదు. పోవుటకు దారిలేని నీరు సింగ్‌నగర్, పాయకాపురము, రాజరాజేశ్వరీపేట, వాంబేకాలనీ వీధులలో నిలిచిపోయెను. సైనికుల తోడ్పాటుతో గండ్లను పూడ్చుట సెప్టెంబరు 7వ తేదీకి గాని పూర్తికాలేదు.

నీరు ఇండ్లలో ప్రవేశింపగానే విద్యుత్తు పోయెను. అది యంత్రము చెడుటవలన మాత్రమే జరిగినది కాదు. తడిసిన గోడలు, మునిగిన మీటర్లు ప్రాణములు తీయగలవు గనుక, నీరు నిలిచిన పేటలకు సరఫరా నాపుట ముందుజాగ్రత్త. జాగ్రత్త మంచిదే. కాని ఆ జాగ్రత్త వెంట పంపు ఆగినది, ఫ్యాను ఆగినది, దీపమారినది. వీటన్నింటికంటె నెమ్మదిగా, అందరి కన్నులయెదుట, సెల్‌ఫోను ప్రాణము విడువసాగినది.

నేటి సంసారములో సెల్‌ఫోను ఎన్ని వస్తువులకు బదులుగా నిలిచినదో పాఠకులు ఎరుగుదురు. అది ఉత్తరము, అదియే గడియారము, అదియే రొక్కపుసంచి, అదియే దీపము. వరదలో చిక్కిన ఇంటికి అది ఇంకొకటి కూడ: తాము ఏ వీధిలో, ఎన్నవ అంతస్తులో ఉన్నదియు పడవవానికి తెలుపగల ఏకైక గొంతు.

అట్టి ఇంటి నొకదానిని ఊహించుకొనుట కష్టము కాదు. క్రింది గది నడుము లోతున మునిగినది. మేడగదిలో ఒక వృద్ధురాలు, ఆమె కోడలు, పసిబిడ్డ. పాలు వెదకుటకు తెల్లవారుజామున నీటిలో దిగిపోయిన కొడుకు ఇంకను తిరిగిరాలేదు. ఫోను తెర మీద నూటికి నాలుగు పాళ్ళ ప్రాణము మిగిలినది.

“అబ్బాయికి ఇంకొక్కసారి ఫోను చెయ్యమ్మా” అని అత్తగారు అడుగును.

“ఉన్న కాస్తా అయిపోతుంది అత్తయ్యా. రాత్రికి బిడ్డకు ఏమైనా అయితే ఎవరిని పిలవను?” అని కోడలు ఫోనును కొంగులో దాచుకొనును.

ఇద్దరి మాటయు న్యాయమైనదే. ఆ ఇద్దరి నడుమ తీర్పు చెప్పగల వస్తువు వారి ఇంట లేదు. అది పెద్ద యంత్రము కాదు. అరచేతిలో పట్టునది, వెల కొన్ని వందల రూపాయల నుండి మొదలగునది, పిడిని పట్టి త్రిప్పినచో వెలుగునట్టి టార్చిలైటు. వానిలో కొన్నింటికి ఫోనునకు విద్యుత్తు నెక్కించు యు.ఎస్.బి. రంధ్రము కూడ ఉండును. మరికొన్నింటికి రేడియో అమర్చబడియుండును. అడవులలో గుడారములు వేసికొని విడియు విహారులకును, ఆపత్కాలములకును పనికివచ్చునని వీనిని అమ్ముచున్నారు.

చూచుటకు ఇది క్రొత్త వింతవలె నుండును. దీని మూలము మాత్రము ప్రతి తెలుగింటిలోను ఒకప్పుడు తిరిగినదే. తిరగలి పిడిని పట్టి త్రిప్పిన ఇల్లాలికి ఈ టార్చి పిడిని గూర్చి వేరుగా నేర్పవలసిన పనిలేదు. రాట్నము చక్రమును త్రిప్పిన చేతికి అసలే లేదు. బెజవాడకును రాట్నమునకును ఉన్న బంధము చరిత్రకెక్కినది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో ఈ నగరమున సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు సంఘము, దేశములోని ఇండ్లలో 20 లక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించెను. ఒక్కొక్క చేయి చేయగల పని స్వల్పమే యైనను, అది పరుల యధీనములో లేదు గదా యనునది నాటి ఆలోచన. ఆ రాట్నము నూలు వడికెను. ఈ పిడి విద్యుత్తును వడుకును.

విద్యుత్తును వడుకు ఉపాయమును కనుగొన్నవాడు మైకేల్ ఫారడే. లండను నగరమున, 1831లో, తీగచుట్టలోనికి అయస్కాంతమును చొప్పించి, వెలికి తీసి, ఆ కదలిక ఉన్నంతసేపును తీగలో విద్యుత్తు పారుచున్నదని ఆయన చూపెను. అయస్కాంతము ఊరక నిలిచియున్నచో ఏమియు లేదు, కదలినప్పుడే ఫలితము. మరుసటి సంవత్సరము పారిసు నగరమున హిప్పొలీట్ పిక్సీ యనువాడు అయస్కాంతమునకు పిడి తగిలించి చేతితో త్రిప్పు యంత్రమును చేసెను. ఈ దృష్టితో చూచినచో, ప్రపంచమందలి మొదటి డైనమో చేతితో త్రిప్పునదే. ఇబ్రహీంపట్నమున ఆవిరి త్రిప్పుచున్న మహాచక్రములు ఆ పిడికి మునిమనుమలు.

తెలుగు పల్లెలకు ఈ విద్య సైకిలు మీద వచ్చెను. వెనుక చక్రమునకు తగులునట్లు అమర్చిన సీసావంటి డైనమో, ముందు దీపము, చీకటిపడిన తరువాత కాలువగట్టు వెంట ఊగుచు వచ్చు ఆ వెలుగు కృష్ణా డెల్టాలో పెరిగిన పెద్దలకు సుపరిచితము. త్రొక్కుడు హెచ్చినచో వెలుగు హెచ్చును. ఎత్తు ఎక్కునప్పుడు మినుకుమినుకుమనును. సైకిలు దిగినచో ఆరిపోవును. ఆ డైనమో సాధారణముగా ఇచ్చునది 6 వోల్టుల వద్ద 3 వాట్లు. శ్రమకును వెలుగునకును నడుమ ఇంత సూటియైన లెక్క మరియే దీపములోను కనబడదు.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున జర్మనుల యాక్రమణలో నున్న హాలండు దేశమున దీపములు ఆర్పివేసిన వీధులలో, ఫిలిప్సు సంస్థ చేసిన చేతి డైనమో టార్చి వాడుకలోనికి వచ్చెను. దానికి బ్యాటరీ అక్కరలేదు. మీటను పిడికిటితో నొక్కుచు వదలుచు ఉన్నంతసేపు వెలుగును. నొక్కినప్పుడెల్ల పిల్లి గురగురలాడినట్లు చప్పుడు చేయుటచేత డచ్చివారు దానికి ‘నొక్కుడు పిల్లి’ అని ముద్దుపేరు పెట్టిరి. బ్యాటరీలు దొరకని కాలమున ఆ పిల్లి చాల ఇండ్లను కాచెను.

రేడియోకు ఇదే ఉపాయమును జోడించినవాడు ఇంగ్లండు దేశీయుడైన ట్రెవర్ బెయిలిస్. ఆఫ్రికాలో ఎయిడ్సు వ్యాధిని గూర్చి ప్రజలకు తెలుపుటకు రేడియో ఒక్కటే సాధనమనియు, విద్యుత్తు లేని పల్లెలలో బ్యాటరీలు కొనుటకు జనమునకు శక్తి లేదనియు టెలివిజనులో విని, ఆయన 1991లో చుట్టు స్ప్రింగుతో నడచు రేడియో నమూనాను చేసెను. రెండు నిమిషములు చుట్టినచో ఆ మొదటి నమూనా పదునాలుగు నిమిషములు పలికెను. తరువాత దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనులో అట్టి రేడియోల కర్మాగారము వెలసెను. బెయిలిస్ 2018లో మరణించెను. విద్యుత్తు లేనివారికి మొదట అందవలసినది వినోదము కాదు, వార్త. ఈ మాటను ఆయన రేడియో లోకమునకు చాటినది.

వార్త అందకపోవుట యెంతటి విపత్తో కృష్ణా డెల్టాకు తెలిసినంతగా మరియొక ప్రాంతమునకు తెలియదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలకు పైగా ప్రాణములు పోయెను. విజయవాడలో ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1 నుండియు పనిచేయుచుండెను. కాని రేడియో పలుకుటకు దానిలో ప్రాణమున్న బ్యాటరీ ఉండవలెను. అది ఉన్న గుడిసెలు ఎన్ని? నేడు ప్రమాద సూచనలు సెల్‌ఫోనులకు నేరుగా వచ్చు ఏర్పాటు జరిగినది. 2023లో దేశమంతటను ఫోనులు ఒక్కసారిగా పెద్దగా మ్రోగి పరీక్షా సందేశమును చూపినది చాలమందికి జ్ఞాపకముండును. కాని ఆరిపోయిన ఫోను మ్రోగదు. యంత్రము మారినది, చిక్కు మాత్రము 1977లోనిదే.

ఇక ఈ చేతి పరికరము ఏ మాత్రము చేయగలదో లెక్కతో చూడవలెను. అంగడివాడు చెప్పు మాటలకును, చేయి చెప్పు మాటలకును చాల దూరము కలదు. పిడిని త్రిప్పగా లోపలి పండ్లచక్రములు ఆ వేగమును అనేక రెట్లు హెచ్చించి చిన్న డైనమోను త్రిప్పును. పుట్టిన విద్యుత్తు ఒక చిన్న బ్యాటరీలో నిలువయగును. మనిషి చేయి ఇంకను ఎక్కువ బలము చూపగలదు గాని, ఈ చిన్న పరికరములలో విసుగు లేక త్రిప్పగలిగిన వేగమునకు దక్కునది సుమారు 2 వాట్లు అనుకొనవచ్చును. నిమిషమునకు అది 120 జౌళ్ళు. పండ్లచక్రముల ఒరపిడికి, బ్యాటరీ వేడికి పోగా చేతికి మిగులునది 80 జౌళ్ళు.

నేటి ఎల్.ఇ.డి. దీపము మిక్కిలి పొదుపరి. గదిలో మనిషిని మనిషి గుర్తించుటకు, మెట్ల మీద నీటిమట్టము చూచుటకు, మందుసీసా మీది పేరు చదువుటకు వాటులో ఐదవ వంతు చాలును. ఆ లెక్కన ఒక్క నిమిషము త్రిప్పినచో ఆరేడు నిమిషముల వెలుగు వచ్చును. పది నిమిషములు త్రిప్పినచో గంటకు పైగా దీపము నిలుచును. ఇది గౌరవింపదగిన ఫలితము. చేతి డైనమో మొదటినుండియు దీపమునకై పుట్టినది. దీపము విషయమున అది మాట తప్పదు.

ఫోను సంగతి వేరు. నేటి ఫోనులలో సామాన్యమైన 5,000 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీ నిండుగా పట్టునది సుమారు 68,000 జౌళ్ళు. నిమిషమునకు 80 జౌళ్ళ చొప్పున దానిని నింపుటకు పదునాలుగు గంటలు ఎడతెగక త్రిప్పవలెను. నూటికి ఒక్క పాలు పెరుగుటకు ఎనిమిది నిమిషములకు పైగా పట్టును. ఈ లెక్క తెలియక కొన్నవాడు పావుగంట త్రిప్పి, తెరమీది అంకె కదలకుండుట చూచి, మోసపోతినని పరికరమును మూలకు విసరివేయును. అతడు మోసపోయినది నిజమే. కాని మోసగించినది చేయి కాదు, పెట్టె మీది బొమ్మ.

అదే లెక్కను మరియొక ప్రక్కనుండి చూడవలెను. తెర ఆర్పి మాటలాడునప్పుడు ఫోను సుమారు ఒక వాటు తినును. పది నిమిషములు త్రిప్పినచో వచ్చు 800 జౌళ్ళతో పదమూడు నిమిషములు మాటలాడవచ్చును. సంకేతము బలహీనముగా నున్నచో అది కొంత తగ్గును. అయినను, “ఫలానా వీధి, మూడవ మేడ, ముగ్గురము, పసిబిడ్డ కలదు” అని చెప్పుటకు పదమూడు నిమిషములు కావలయునా? ఒక్క నిమిషము చాలును. వ్రాతసందేశమునకు అంతయు అక్కరలేదు. పైగా మాట పోలేనంత బలహీనమైన సంకేతములోను సందేశము ఒక్కొక్కప్పుడు పోగలదు. అత్తగారికిని కోడలికిని నడుమ తీర్పు ఇచ్చటనే కలదు. కొడుకును పిలువవచ్చును, రాత్రికి మరల త్రిప్పుకొనవచ్చును. ఫోనును నింపుటకు గాక, ఫోనును చావనీయకుండుటకు ఈ పిడి పనికివచ్చును.

నిలువచేసిన విద్యుత్తుతో దీనిని పోల్చి చూచుటయు న్యాయము. 10,000 మిల్లీ ఆంపియర్ గంటల పవర్‌బ్యాంకును ముందుగా నింపి ఉంచుకొన్నచో, నష్టములు పోగా అది సుమారు 85,000 జౌళ్ళు ఇచ్చును. చేతితో అంత పుట్టించుటకు పదునేడు గంటలకు పైగా త్రిప్పవలెను. కనుక వానకాలమున మొదట నమ్ముకొనవలసినది పవర్‌బ్యాంకునే గాని పిడిని కాదు. పవర్‌బ్యాంకు గాదెలోని గింజ, పిడి దినకూలి. గాదె నిండియున్నవాడు కూలికి పోనక్కరలేదు. కాని 2024లో వలె వరద వారము దినములు నిలిచినప్పుడు గాదె అడుగు కనబడును. సౌరఫలకమున్న పరికరములు కలవు గాని, మబ్బు కమ్మిన వారములో వాని ఫలము స్వల్పము. అప్పుడు మిగులునది చేయి యొక్కటే.

చేతిపరికరమునకు దాని లోపములు దానికి కలవు. వాడక అలమరలో పడవేసిన యెడల లోపలి చిన్న బ్యాటరీ కొన్ని సంవత్సరములలో చెడిపోవును. అటుపిమ్మట ఎంత త్రిప్పినను విద్యుత్తు నిలువదు. చౌకరకము వానిలో ప్లాస్టిక్ పండ్లు అరిగి జారును, పొట్టి పిడి మణికట్టును నొప్పించును, యు.ఎస్.బి. రంధ్రము పేరునకు మాత్రమే ఉండి, ఫోను దానిని గుర్తింపనైనను గుర్తింపదు. కనుక కొనువాడు అంగడిలోనే తన ఫోనును, తన తీగను తగిలించి, రెండు నిమిషములు త్రిప్పి చూడవలెను. పొడవైన పిడి, మార్చుకొనదగిన బ్యాటరీ, నీటికి ఓర్చు తొడుగు, రేడియో ఉన్నదానిని ఏరుకొనుట మేలు.

రేడియో మాట ఊరక చెప్పినది కాదు. సెల్‌ఫోను ఒంటరిగా పలుకదు. దానికి గోపురము కావలెను. ఆ గోపురము కరెంటు పోయిన తరువాత తన బ్యాటరీల మీదను, డీజెలు జనరేటరు మీదను నడచును. వరదలో డీజెలు చేర్చుట ఆలస్యమైనచో గోపురము మూగవోవును. అప్పుడు నిండు ఫోనును, చచ్చిన ఫోనును ఒక్కటే. రేడియో ప్రసారము మాత్రము దూరమునుండి వచ్చును. వినువాని చేతిలో పిడి ఉన్నచో చాలును. దీపము చూచుటకు, రేడియో వినుటకు, ఫోను చెప్పుటకు: ఈ మూడింటిలో మొదటి రెండును చేతికి సులభములు, మూడవది కష్టము. ఈ క్రమమును తెలిసినవాడు తన బాహుబలమును వృథా చేయడు.

ఎంత గొప్ప బాహుబలమైనను విద్యుత్కేంద్రముతో పోటీ పడదు. ఇబ్రహీంపట్నములోని 800 మెగావాట్ల యంత్ర మొక్కటి చేయు పనిని ఈ చిన్న పిడులతో చేయవలెనన్నచో నలుబది కోట్ల మంది ఒక్కసారిగా త్రిప్పవలెను. ఈ అంకె చేతిని చిన్నబుచ్చుటకు చెప్పినది కాదు. ఒక్క మీట నొక్కి ప్రతి ఇంటివారును వాడుకొనుచున్నది ఎందరి శ్రమకు సమానమో తెలిసికొనుటకు చెప్పినది. పది నిమిషములు పిడిని త్రిప్పి చెమటోడ్చిన పిల్లవాడు, ఎవరును లేని గదిలో దీపము వెలుగుచుండగా చూచి ఊరకుండలేడు.

అందుచేతనే ఈ వస్తువునకు విహారము మంచి పాఠశాల. కొండపల్లి కోట యెక్కుటకును, చుట్టునున్న కొండ యడవిని చూచుటకును యువకులు వచ్చుచున్నారు. ఎక్కడనైనను అనుమతి యున్న చోట గుడారము వేసికొని ఒక రాత్రి గడపువారికి, ఆపద లేకయే ఆపత్కాలపు శిక్షణ దొరకును. ఎంతసేపు త్రిప్పినచో ఎంత వెలుగు వచ్చునో, ఏ చేయి ముందు అలయునో, ఫోను తెర వెలుగును ఎంత తగ్గించినను చదువవచ్చునో, ఇద్దరు వంతులు వేసికొని త్రిప్పుట ఎంత తేలికయో ఆ రాత్రి తెలియును. వరదలో అది నేర్చుకొనుటకు వ్యవధి ఉండదు.

ఇంటివద్ద చేయవలసినది ఇంకను స్వల్పము. మృగశిర కార్తె ప్రవేశించి రైతు నాగలి బాగుచేసికొను దినములలో, ఇల్లాలును ఈ టార్చిని ఒకసారి వెలికితీసి త్రిప్పి చూడవలెను. తీగను దానితోనే చుట్టి యుంచవలెను. దానికొక చీటీ అంటించి, ఆపదలో పిలువవలసిన 112, 1070 అంకెలను, దగ్గరి బంధువుల అంకెలను వ్రాసి పెట్టవలెను. ఫోను ఆరిపోయినప్పుడు దానిలోని పేర్లును ఆరిపోవును గదా! పరుల ఫోను చేతికి దొరికినను, తన వారి అంకె నోటికి రానివాడు ఎవరిని పిలువగలడు?

కొండపల్లి బొమ్మ లోపల ఏ యంత్రమును లేదు. పట్టుకొను చేయి కదలించినప్పుడే ఏనుగు నడచును, బండి కదలును. ఈ టార్చికిని అదే ధర్మము. దానిని పిల్లల చేతికి ఇచ్చి ఒక సాయంకాలము ఆడనిచ్చినను తప్పులేదు. రేపు చీకటిలో పెద్దలకంటె ముందు దానిని వెదకి పట్టుకొనువారు వారే యగుదురు.

పూర్వపు ఇండ్లలో తలుపు ప్రక్క గోడకు ఒక గూడు ఉండెడిది. అందులో కిరసనాయిలు బుడ్డి, అగ్గిపెట్టె ఎల్లప్పుడును ఉండెడివి. చీకటిలో కన్ను మూసికొని పోయినను చేయి సూటిగా అచటికే చేరెడిది. కరెంటు వచ్చిన తరువాత కట్టిన ఇండ్లలో ఆ గూడు లేదు. గూడు లేకున్నను చోటు ఉన్నది. వరదనీరు చేరలేనంత ఎత్తున, పిల్లల చేతికి అందునంత దిగువన, ఇంటివారందరికిని తెలిసిన చోట ఆ పిడి దీపము నుంచినచో చాలును.